కుర్చీ ఉద్యోగం – కదలని కాళ్ళు

వాక్యభాగం: నిర్గమకాండము 18:13–24, యోహాను 13:4, 5

మన పల్లెల్లో తల్లిదండ్రులు పిల్లల కొరకు చేసే ప్రార్థనల్లో ఒక మాట తరచుగా వినబడుతుంది. తమ బిడ్డకు నీడపట్టున కూర్చుని చేసుకొనే ఉద్యోగం దయచేయమని వారు ప్రభువును అడుగుతారు. ఆ ప్రార్థనలో తప్పేమీ లేదు. మే నెల ఎండలో కలుపు తీసిన తల్లికి, మోకాటి లోతు బురదలో నాట్లు వేసిన తండ్రికి ఫ్యాను కింద కుర్చీ అంటే ఏమిటో తెలుసు. ఆ కుర్చీ కోసం వారు ఉన్న అర ఎకరం అమ్మి ఉంటారు, పుస్తెలతాడు తాకట్టు పెట్టి ఉంటారు. దేవుడు వారి మొర ఆలకించాడు. ఈనాడు మన సంఘాల్లో గుమాస్తాలున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, హైదరాబాదులోను బెంగుళూరులోను కంప్యూటరు ముందు కూర్చునే బిడ్డలున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలు వచ్చిన తరువాత సొంత మండలంలోనే బల్ల, కుర్చీ దొరికిన యువతీ యువకులు కూడా మన మధ్య ఎందరో ఉన్నారు. ఇందునుబట్టి ప్రభువుకు స్తోత్రం.

అయితే ఆ కుర్చీ మన బిడ్డల దగ్గర నెమ్మదిగా వసూలు చేస్తున్న వెల ఒకటుంది. “కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి” అని పెద్దలు ఆస్తిని గురించి అన్నారు. నేటి ఉద్యోగి జీతం సంపాదిస్తూనే ఉన్నాడు గనుక ఆస్తి కొండ కరగడం లేదు. కరుగుతున్నది ఆరోగ్యం. ముప్పయ్యయిదు దాటకముందే షుగరు, నలభైకి బీపీ, నడుము నొప్పి, మెడ నొప్పి. పొలం పనిచేసిన తండ్రి అరవై ఏళ్ళకు కూడా మోయగలిగిన గడ్డిమోపును కొడుకు పైకెత్తలేకపోతున్నాడు.

లండను బస్సులు నేర్పిన పాఠం

కూర్చుని చేసే పని ఒంటికి కీడు చేస్తుందన్నది కొత్త మాట కాదు. ఇటలీ దేశంలో బెర్నార్డినో రామజ్జీని అనే వైద్యుడు 1700లో వృత్తులవలన వచ్చే వ్యాధులపై ఒక గ్రంథం రాశాడు. రోజంతా కూర్చుని కుట్టే దర్జీలు, చెప్పులు కుట్టేవారు ఎందుకు అనారోగ్యం పాలవుతున్నారో అందులో వివరించి, కనీసం సెలవు రోజుల్లోనైనా ఒళ్ళు కదిలించమని వారికి సలహా ఇచ్చాడు.

దీనిని లెక్కలతో చూపినవాడు జెర్రీ మోరిస్ అనే బ్రిటిషు వైద్యుడు. లండనులో రెండంతస్తుల బస్సులు నడిచేవి. హైదరాబాదులో డబుల్ డెక్కర్ ఎక్కినవారికి ఆ బస్సు ఎలా ఉంటుందో తెలుసు. ఒక్కో బస్సులో ఇద్దరు ఉద్యోగులు. డ్రైవరు తన పనివేళలో నూటికి తొంభై వంతులు కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. రోజుకు 500 నుండి 750 మెట్ల వరకు ఎక్కేవాడని లెక్కగట్టారు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే బస్సు, ఇంచుమించు ఒకే తరహా కుటుంబాలు. సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగుల వివరాలు పరిశీలించి మోరిస్ 1953లో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో ఫలితాలు ప్రకటించాడు. డ్రైవర్లకంటే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువగా వచ్చాయి. వచ్చినా కొంత ముదిరిన వయస్సులో వచ్చాయి, ప్రాణం తీయడం కూడా తక్కువే.

మోరిస్ అంతటితో ఆగలేదు. తపాలా శాఖలో కూడా వెదకి చూశాడు. ఉత్తరాలు పంచుతూ నడిచే, సైకిలు తొక్కే పోస్టుమాన్లకంటే ఆఫీసులో కూర్చుని పనిచేసే గుమాస్తాలకు, టెలిఫోను ఆపరేటర్లకు గుండెపోట్లు ఎక్కువ అని తేలింది. తరువాత 1956లో బస్సు ఉద్యోగుల యూనిఫారం కొలతలు తీసి చూస్తే డ్రైవర్ల ప్యాంట్ల నడుము కండక్టర్లకంటే పెద్దదిగా ఉంది. మరి లావుగా ఉన్నవారే డ్రైవర్లుగా చేరారేమో అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. అందులో కొంత నిజం ఉండవచ్చు. కాని ఆ తరువాత ఎన్నో దేశాల్లో జరిగిన పరిశోధనలు అటువైపే చూపించాయి. కదిలే ఒళ్ళు నిలుస్తుంది, కదలని ఒళ్ళు చెడుతుంది.

కూర్చుంటే లోపల ఏం జరుగుతుంది?

మన శరీరంలో పెద్ద కండరాలు తొడల్లోను, పిరుదుల్లోను, పిక్కల్లోను ఉన్నాయి. మనం నిలబడి నడిచినప్పుడు ఇవి పనిచేస్తాయి, రక్తంలో ఉన్న చక్కెరను తీసుకొని ఖర్చు పెడతాయి. కూర్చున్నప్పుడు ఇవి నిద్రపోతాయి. మధ్యాహ్నం క్యారేజీలోని అన్నం తిని కదలకుండా కూర్చుంటే ఆ అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది గాని దాన్ని తీసుకొనే కండరం లేదు. బియ్యపు బస్తాలు వచ్చి గుమ్మంలో పడ్డాయి, మోసుకొని వెళ్ళే కూలీలు మాత్రం లేరు అన్నట్టుంటుంది.

పిక్కలకు ఇంకొక పని కూడా దేవుడు అప్పగించాడు. కాళ్ళలోకి దిగిన రక్తం మళ్ళీ గుండెకు ఎక్కాలంటే పిక్క కండరాలు బిగుస్తూ వదులుతూ దానిని పైకి నెట్టాలి. నడిచినప్పుడు ఇది జరుగుతుంది. గంటల తరబడి కాళ్ళు వేలాడదీసి కూర్చుంటే రక్తం కింద నిలిచి పాదాలు వాస్తాయి. సాయంత్రానికి చెప్పులు బిగుతవుతున్నాయంటే కారణం తరచుగా ఇదే. ఇక ముందుకు వంగి కంప్యూటరు చూస్తే మెడ, నడుము చెప్పే సంగతి అందరికీ తెలిసినదే.

“నేను ఉదయం అరగంట నడుస్తాను గదా, ఇంకేం?” అని కొందరు అడుగుతారు. ఆ నడక చాలా మంచిది, మానవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో నడవాలి, లేదా అంతటి శ్రమ చేయాలి. దానితోబాటు కూర్చునే సమయం కూడా తగ్గించుకోవాలని, దాని స్థానంలో చిన్నపాటి కదలిక అయినా మేలేనని అదే సంస్థ చెప్పింది. పది లక్షలమందికి పైగా వివరాలను కలిపి పరిశీలించి 2016లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, రోజుకు ఎనిమిది గంటలకు పైగా కూర్చునేవారికి కలిగే ముప్పు తొలగిపోవాలంటే రోజుకు 60 నుండి 75 నిమిషాల శ్రమ కావాలని తేలింది. ఎనిమిది గంటలు ఆఫీసు, రెండు గంటలు బస్సు, ఇంటి దగ్గర పిల్లల చదువు చూసేవారిలో ఎంతమందికి ఇది సాధ్యం? కాబట్టి ఆఫీసు వేళలోనే దారి వెదకాలి.

ఆ దారి ఉన్నదనడానికి రెండు చిన్న పరీక్షలు చూడండి. 2012లో ఆస్ట్రేలియా వైద్యులు బరువు ఎక్కువగా ఉన్న 19 మందికి తీపి పానీయం ఇచ్చి ఐదు గంటలు కూర్చోబెట్టారు. మరొక రోజు వారినే ప్రతి ఇరవై నిమిషాలకు లేపి రెండేసి నిమిషాలు మెల్లగా నడిపించారు. నడిచిన రోజున రక్తంలో చక్కెర సుమారు నాలుగో వంతు తక్కువగా పెరిగింది. వేగంగా నడిపించినా మెల్లగా నడిపించినా లాభంలో పెద్ద తేడా రాలేదు. 2023లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంవారు 11 మందిని పరీక్షించారు. ప్రతి అరగంటకు ఐదు నిమిషాలు నడిచినప్పుడు భోజనం తరువాత పెరిగే చక్కెర సగానికి పైగా తగ్గింది, రక్తపోటు నాలుగైదు పాయింట్లు దిగింది. పరీక్షించినవారు కొద్దిమందే. అయినా రెండూ ఒకే మాట చెబుతున్నాయి. పరుగెత్తనక్కరలేదు, చెమట పట్టనక్కరలేదు. మాటిమాటికి లేవాలి, అంతే.

మన దేశానికి ఇది చిన్న సంగతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షలు. ఇది తినే తిండి వలన, వంశం వలన, ఇంకా అనేక కారణాల వలన వస్తుంది. వంశాన్ని మార్చుకోలేము. కుర్చీలోనుండి లేవడం మాత్రం మన చేతిలో, కాదు, మన కాళ్ళలో ఉంది.

అయినా ఎందుకు లేవము?

ఇంత సులువైన మందు ఉండగా మనవాళ్ళు ఎందుకు లేవరు? బద్ధకం ఒక్కటే కారణం కాదు.

మొదటిది, పని తీరు మారిపోయింది. ఒకప్పుడు గుమాస్తా ఫైలు చంకన పెట్టుకొని సూపరింటెండెంటు బల్ల దగ్గరకు నడిచేవాడు. రికార్డు రూముకు వెళ్ళి పాత కట్టలు దించేవాడు. తపాళ్ళు ఒక సెక్షను నుండి మరొక సెక్షనుకు మనిషి చేతి మీదుగానే వెళ్ళేవి. ఇప్పుడు ఫైలు కంప్యూటరులో వెళ్తుంది, మాట సెల్‌ఫోనులో వెళ్తుంది, మీటింగు వీడియోలో జరుగుతుంది. పని వేగం పెరిగింది, మంచిదే. కాని ఆ పనితో కలిసివచ్చే పదీ ఇరవై నడకలు మనకు తెలియకుండానే మాయమయ్యాయి.

రెండవది, భయం. బల్ల దగ్గర మనిషి కనబడకపోతే “ఎక్కడికి పోయాడు?” అని పైఅధికారి అడుగుతాడు. కుర్చీలో ఉన్నవాడే పనిచేస్తున్నట్టు లెక్క.

మూడవదే అన్నిటికంటే లోతైనది. మన దేశంలో కుర్చీ అంటే గౌరవం. ఒకప్పుడు కుర్చీ మీద కూర్చునే హక్కే లేక నేలమీద, గుమ్మం బయట నిలబడిన వంశాలు మనలో ఎన్నో ఉన్నాయి. కనుక కుర్చీ దొరికినవాడు దానిని గట్టిగా పట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే దానితోబాటు ఇంకొక అలవాటు కూడా వచ్చింది. కూర్చున్నవాడు పెద్ద, లేచి తిరిగేవాడు చిన్న. మంచినీళ్ళ కూజా పది అడుగుల దూరంలో ఉన్నా బెల్లు కొట్టి అటెండరును పిలవాలి. కింద పడిన కాగితం తీయడానికి కూడా మరొకరు రావాలి. కడుపులో చల్ల కదలకుండా కూర్చోవడమే హోదా అయింది.

మా సంఘంలో మండల కార్యాలయంలో పనిచేసే ఒక సహోదరుడున్నాడు. తండ్రి వ్యవసాయ కూలి. కొడుకుకు ముప్పయ్యారేళ్ళకే షుగరు వచ్చిందని తెలిసినప్పుడు ఆ పెద్దాయన నాతో, “నా కాళ్ళు అరిగితే అరిగాయిగాని వాడి కాలు కందకూడదనుకున్నాను, అయ్యగారూ. కందకుండా పెంచితే ఇట్లా అయిందేమిటి?” అన్నాడు. వైద్యుడు మాత్రలు రాసి, గంటల తరబడి కూర్చోవద్దని ఆ సహోదరునికి గట్టిగా చెప్పాడు. మరునాడు అతడు బెల్లు కొట్టకుండా తన గ్లాసు తానే తీసుకొని నీళ్ళకు వెళ్ళాడు. పక్క బల్లలవారు నవ్వారు. అటెండరు పరుగున వచ్చి, “మీరెందుకు సార్? పెద్దసారు చూస్తే నన్ను తిడతారు,” అని గ్లాసు లాక్కోబోయాడు. అప్పుడతడు, “నిన్ను తిట్టరులే బాబాయ్, డాక్టరుగారు నాకు వేసిన శిక్ష ఇది,” అని సర్దిచెప్పాడు. ఆ అటెండరు అతనికంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు, మోకాళ్ళ నొప్పులున్నవాడు. నెల తిరిగేసరికి మరో ఇద్దరు తమ నీళ్ళు తామే తెచ్చుకోసాగారు. ఆ సహోదరుడు ఇప్పటికీ మాత్రలు వేసుకుంటూనే ఉన్నాడు. కాని ఏడాది గడిచినా మాత్రల మోతాదు పెంచవలసిన అవసరం రాలేదు, సాయంత్రం పాదాల వాపు తగ్గింది.

ప్రభువు లేచాడు

ఇక్కడ వాక్యం మనతో మాట్లాడుతుంది. యోహాను 13వ అధ్యాయంలో యేసు ప్రభువువారు శిష్యులతో భోజనానికి కూర్చున్నారు. ఆ బల్ల దగ్గర అందరికంటే పెద్ద ఆయనే. పాదాలు కడగవలసిన పని ఒకటి మిగిలిపోయింది. శిష్యుల్లో ఎవరూ లేవలేదు, ఎందుకంటే లేచినవాడు చిన్నవాడవుతాడు. అప్పుడు ప్రభువు భోజనపంక్తిలోనుండి లేచాడు. తానే తువాలు కట్టుకొన్నాడు, తానే పళ్ళెములో నీళ్ళు పోశాడు. పాదాలు కడిగిన సంగతి మనం ఎన్నో ప్రసంగాల్లో విన్నాము. దానికి ముందున్న ఆ ఒక్క మాట దగ్గర కూడా ఆగుదాం. ఆయన లేచాడు. లేవకుండా సేవ లేదు.

ధర్మశాస్త్రం కూడా, తల నెరసినవారు ఎదురైనప్పుడు లేచి వారిని గౌరవించాలని నేర్పింది (లేవీయకాండము 19:32). పింఛను కోసమో, పట్టాదారు పాసుపుస్తకం కోసమో ఒక ముసలమ్మ మీ బల్ల దగ్గరకు వచ్చినప్పుడు మీరు లేచి, “రామ్మా, ఇట్లా కూర్చో,” అని ఒక కుర్చీ జరిపితే ఎంత బాగుంటుంది! ఆమె జీవితంలో ఏ ఆఫీసులోను అట్లాంటి మాట విని ఉండదు. ఆ పూట మీ కాళ్ళకు మేలు, ఆమె మనస్సుకు మేలు, మీ సాక్ష్యానికి మేలు. రోజుకు పదిమంది అట్లా వస్తే పదిసార్లు లేస్తారు. వైద్యుడు చెప్పిన లెక్క చాలావరకు అక్కడే తీరిపోతుంది.

నిర్గమకాండము 18వ అధ్యాయంలో మోషే ఉదయం మొదలుకొని సాయంకాలం వరకు న్యాయం తీర్చుతూ కూర్చున్నాడు. జనం చుట్టూ నిలబడ్డారు. అతని మామ యిత్రో అది చూచి, ఇది మంచిది కాదు, నీవూ నలిగిపోతావు, ఈ ప్రజలూ నలిగిపోతారు అన్న భావంతో హెచ్చరించాడు. యిత్రో మాట్లాడింది పనిభారం గురించేగాని కుర్చీ గురించి కాదు. అయినా అతడిచ్చిన సలహా గమనించండి. ఓపిక పట్టమని అతడు మోషేకు చెప్పలేదు, పని పద్ధతినే మార్చమన్నాడు. వేయిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులను పెట్టించాడు. ఉద్యోగి ఒక్కడే కష్టపడితే చాలదు, ఆఫీసు పద్ధతి కూడా మారాలి. దేవుని పనిలో ఉన్న మోషేకే ఈ సలహా కావలసి వస్తే మనకు అక్కరలేదా?

ఆఫీసులో ఏం చేయాలి?

ఖర్చులేని కొన్ని పద్ధతులు రాస్తున్నాను. అన్నీ ఒక్కసారి మొదలుపెట్టనక్కరలేదు. రెండు ఎంచుకొని నెలరోజులు చేయండి.

1. అరగంటకొకసారి లేవండి. సెల్‌ఫోనులో గుర్తు పెట్టుకోవచ్చు. అది మోగితే పక్కవారికి ఇబ్బంది అనుకుంటే పనినే గడియారంగా చేసుకోండి. ఇన్ని దరఖాస్తులు పూర్తయితే లేస్తాను అని పెట్టుకోండి. రెండు మూడు నిమిషాలు చాలు.

2. పెద్ద సీసా బల్ల మీద పెట్టుకోవద్దు. చిన్న గ్లాసు పెట్టుకోండి. ఖాళీ అయినప్పుడల్లా స్వయంగా వెళ్ళి నింపుకోండి. నీళ్ళూ తాగినట్టవుతుంది, నడిచినట్టూ అవుతుంది.

3. ఫోను వస్తే నిలబడి మాట్లాడండి. వీలైతే వరండాలో నడుస్తూ మాట్లాడండి.

4. పక్క సెక్షనులో ఉన్నవారికి ఫోను చేయకుండా వెళ్ళి మాట్లాడండి. మాట పట్టింపులు కూడా సగం తగ్గుతాయి.

5. చెత్తబుట్ట, ప్రింటరు చేతికి అందేంత దగ్గరలో పెట్టుకోవద్దు.

6. మధ్యాహ్నం భోజనమయ్యాక కుర్చీలో కునుకు తీయకుండా పది నిమిషాలు చెట్టు నీడన నడవండి. చక్కెర పెరిగే వేళ అదే గనుక లాభం ఎక్కువ.

7. ఒకటి రెండు అంతస్తులకు లిఫ్టు మానండి. బస్సు ఒక స్టాపు ముందు దిగండి.

8. బ్యాంకు కౌంటరులో, మీసేవ కేంద్రంలో ఉండి సీటు వదలలేనివారు కూర్చున్న చోటనే లేచి నిలబడండి. బల్ల పట్టుకొని మడమలు ఇరవైసార్లు పైకెత్తి దించండి. పిక్కలు పనిచేస్తాయి.

ఏడు గంటల పనిలో అరగంటకొకసారి లేస్తే పద్నాలుగుసార్లు అవుతుంది. ఒక్కొక్కసారి రెండు మూడు నిమిషాలు అనుకుంటే మొత్తం అరగంట నుండి ముప్పావుగంట. పని చెడుతుందని భయపడేవారు టీకొట్టు దగ్గర పోయే సమయంతో దీనిని పోల్చి చూడండి. బ్రిటనులో 2015లో నిపుణులు ఆఫీసు ఉద్యోగుల కొరకు చేసిన సూచన ఇంకా పెద్దది. పనివేళలో రోజుకు రెండు గంటలు నిలబడటం, తిరగటంలో గడిపేలా మొదలుపెట్టి క్రమంగా నాలుగు గంటలకు చేర్చమన్నారు. మన దేశంలో కూడా కేంద్ర ప్రభుత్వం 2021లో ఉద్యోగుల కొరకు ఐదు నిమిషాల యోగ విరామం ప్రవేశపెట్టింది. మనం ఆ పద్ధతిని అనుసరించినా, మన పద్ధతిలో నడిచినా, ఆఫీసు పనికి మధ్యలో విరామం కావాలని ప్రభుత్వమే ఒప్పుకున్నది గనుక మొహమాటపడనక్కరలేదు.

రెండు జాగ్రత్తలు. మొదటిది, లేవమన్నారని రోజంతా నిలబడవద్దు. 2024లో 83,000 మందికి పైగా వివరాలతో ప్రకటించిన ఒక పరిశీలనలో, ఊరికే నిలబడినంత మాత్రాన గుండెకు మేలు కలగదని, ఎక్కువసేపు నిలబడేవారిలో కాళ్ళ నరాలు ఉబ్బడం వంటి బాధలు పెరుగుతాయని తేలింది. కావలసింది కదలిక. బట్టల కొట్లలో రోజంతా నిలబడే అమ్మాయిలను చూడండి. వారికి కూర్చునే హక్కు కావాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. కూర్చున్నవాడికి లేచే అవకాశం, నిలబడినవాడికి కూర్చునే అవకాశం, రెండూ న్యాయమే. రెండవది, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు, ఆపరేషను అయినవారు, మోకాళ్ళు బాగా అరిగినవారు వైద్యుని అడిగి చేయండి. షుగరు, బీపీ మాత్రలు సొంతంగా మానవద్దు. కాళ్ళు కదపలేని సహోదరులు చేతులు, భుజాలు కదిలించినా మేలే.

అధికారులకు, ఇంటివారికి, సంఘానికి

అధికారులుగా ఉన్న విశ్వాసులకు ఒక మనవి. మీ కింద పనిచేసేవారు ఐదు నిమిషాలు లేస్తే పని ఎగ్గొట్టినట్టు చూడవద్దు. రెండు గంటల వీడియో మీటింగులో మధ్య ఒక్కసారి అందరినీ లేవమనండి. మీరు ముందు లేస్తేనే వారు ధైర్యంగా లేస్తారు. మరొక సంగతి మగవారు గమనించరు. ఎన్నో ఆఫీసుల్లో ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్డి లేదు. అందుకని వారు నీళ్ళు తాగడం మానుకొని సాయంత్రం వరకు సీటులోనే బిగుసుకొని కూర్చుంటారు. వారిని లేవమని ప్రసంగించే ముందు ఆ తలుపుకు గొళ్ళెం, లోపల నీళ్ళు ఉన్నాయో లేదో చూడండి.

పల్లెలో ఉన్న తల్లిదండ్రులారా, కొడుకో కూతురో పండుగకు ఇంటికి వస్తే మంచం మీదనే కూర్చోబెట్టి అన్నీ చేతికి అందించాలని మీ ప్రేమ మిమ్మల్ని తొందరపెడుతుంది. కాస్త ఆగండి. “నాయనా, చేను గట్టు వరకు వెళ్ళివద్దాం రా,” అని తీసుకువెళ్ళండి. ఇస్సాకు సాయంకాలం పొలములోకి ధ్యానానికి వెళ్ళాడు (ఆదికాండము 24:63). నడక, ధ్యానం, తండ్రీకొడుకుల మాటలు మూడూ కలిసివస్తాయి. ఆఫీసునుండి వచ్చిన భర్తలు టీవీ ముందు మళ్ళీ కూర్చునే బదులు బిందె ఎత్తితే, చీపురు పట్టితే, ఆఫీసునుండే వచ్చిన భార్యకు కాస్త ఊపిరి ఆడుతుంది.

సంఘాల్లో మనం కూడా ఆలోచించాలి. మన పెద్దలు ఏర్పరచిన ఆరాధన క్రమంలో కీర్తనకు లేవడం, ప్రార్థనకు మోకరించడం, వాక్యానికి కూర్చోవడం ఉన్నాయి. అది శరీరానికి కూడా మంచి క్రమం. మూడు గంటలు కదలకుండా కూర్చోబెట్టే కూటాల్లో మధ్య ఒక పాటకైనా అందరినీ లేపడం బోధకుల బాధ్యత. పౌలు ప్రసంగం పొడుగైనప్పుడు ఐతుకు కిటికీలోనుండి పడిపోయాడని అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఉంది. అదే అధ్యాయంలో మరొక సంగతి కూడా ఉంది. ఆ రాత్రంతా మాట్లాడిన పౌలు, తోటివారు ఓడలో వెళ్తుండగా తాను మాత్రం అస్సొసు వరకు కాలినడకన వెళ్ళాడు.

కూర్చోవడం పాపం అని ఎవరూ అనుకోవద్దు. మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుంది. ప్రయాణంలో అలసిన ప్రభువు బావి దగ్గర కూర్చున్నాడు. శరీర సాధకము కొంతమట్టుకే ప్రయోజనకరమని, దైవభక్తి అన్ని విషయాల్లోను ప్రయోజనకరమని పౌలు తిమోతికి నేర్పాడు (1 తిమోతి 4:8). ఆ ‘కొంతమట్టుకు’ అన్నదాన్ని కూడా మనం పోగొట్టుకోకూడదు. మన దేహం పరిశుద్ధాత్మకు ఆలయం, మన సొత్తు కాదు, విలువ పెట్టి కొనబడినది (1 కొరింథీయులకు 6:19, 20). బిడ్డల పెళ్ళిళ్ళు, మనుమల ముచ్చట్లు, ఇంకా చేయవలసిన సేవ ముందున్నాయి. వాటికి ఈ కాళ్ళే కావాలి.

మత్తయి సుంకపు మెట్టు దగ్గర కూర్చుని ఉన్నాడు. అతనిదీ బల్ల ఉద్యోగమే, లెక్కల ఉద్యోగమే. ప్రభువు పిలిచాడు, అతడు లేచాడు. మనలను ఆయన ఉద్యోగం మానమనడం లేదు. మనకిచ్చిన కుర్చీలో నమ్మకంగా కూర్చోమంటున్నాడు, నీళ్ళకోసం, పక్కవాని సహాయం కోసం, గుమ్మంలో నిలబడిన ముసలివారి కోసం లేవమంటున్నాడు. రేపు ఉదయం ఆఫీసులో మీ చెయ్యి బెల్లు మీదికి వెళ్ళినప్పుడు ఒక్కసారి ఆగి, మీరే లేవండి. ప్రభువు మీ రాకపోకలను, మీ అడుగులను ఆశీర్వదించును గాక.